పరీక్షకు ముందు

ఆల్తమురాలో నలభై ఏళ్ళుగా
తెల్లవారుజామున మూడింటికి నిన్ను పిసికి లేపినవాణ్ణి.
గోధుమా, నిన్ను అనుమానించడమంటే
తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమే.

కానీ కడుపు ఉబ్బేది.
పిండిబస్తా ఎత్తబోయి దాని మీదే కూలబడేవాణ్ణి.
కోడలు దొనాతా ఒక్క మాటే అంది:
"మూడు వారాలు మానెయ్యండి, మామయ్యా."

మానేశాను.
మొక్కజొన్న రొట్టె ఇటుక.
బియ్యప్పిండిది ఇసుక, నూనెలో ముంచినా ఇసుకే.
పొయ్యిలోంచి తీసిన నీ రొట్టెల్ని మాత్రం
ఎప్పటిలాగే అడుగున తట్టి విన్నాను.
డొల్లగా పలికితే కాలినట్టు.
రుచి చెప్పే పని కుర్రాడు మికేలెది,
వాడికి అన్నీ బాగుంటాయి.

పదిహేనో రోజు కడుపు ఊరుకుంది.
ఇంట్లో పోరు ఆగినప్పుడు
ఎవరు వెళ్ళిపోయారో అని చూసుకున్నట్టు
చూసుకున్నాను.

డాక్టరమ్మ తల పట్టుకుంది:
"రక్తం చూడకముందే మానేస్తే ఏం తేలుతుంది?
ఆరు వారాలు మళ్ళీ తిని, అప్పుడు రా."

నేరం రుజువు కావాలంటే
నేరస్తుణ్ణి భోజనానికి పిలవాలట.

ఇవాళ మొదటి రోజు.
మాడిన అంచు, ఆలివ్ నూనె, ఉప్పు.
దొనాతా కిటికీ వైపు తిరిగి నిలబడింది.
రెండో ముక్క కూడా కోశాను.
డాక్టరమ్మ చెప్పింది కదా.