నలభై మూడు అడుగుల దగ్గర

బోరు పుస్తకం రాసేది నేను.
అడుగుకో గుప్పెడు మట్టి, గుప్పెడుకో వరస.
మేస్త్రి పెద్దింట్లుకి చదువు రాదు గానీ
మట్టి నాలిక్కి రాసుకుని చెప్పేవాడు:
"ఇది ఉప్పుటేటి పోటు తెచ్చిందిరా.
ఇది గోదారిది. తియ్యగుంది."

ఆకివీడు అవతల, కొల్లేటి గట్టున
చేపల చెరువుకి నీళ్ళు కావాలన్నారు.
దింపాం.

పది: గోధుమరంగు ఒండ్రు.
పద్దెనిమిది: నల్ల బంక. మురిగిన కోడిగుడ్డు వాసన.
ఇరవై ఆరు: అదే నలుపు. వాసన లేదు.
(ఎటుపోయిందో రాయలేదు. నాకేం తెలుసు.)
ముప్పై ఒకటి: నత్తగుల్లలు, ఒక కిక్కిస వేరు,
నిన్న పీకినట్టు పీచుపీచుగా.
నలభై: బంక మళ్ళీ, నానిన సబ్బుముక్కలా.
నలభై మూడు: సన్న ఇసుక
అని రాస్తుండగా
గొట్టం దగ్గింది.

సోడాబుడ్డి కొట్టినట్టు బురద, నురగ.
పెద్దింట్లు బీడీ అవతల పారేసి, అందర్నీ జరిపి,
తడిగుడ్డ కట్టిన వెదురు కొసన అగ్గిపుల్ల చాచాడు.
మంట కనబడలేదు ఎండలో.
గొట్టం మీద గాలి మాత్రం వణికింది,
దాని వెనక గూడబాతులు నీళ్ళల్లో వంకర్లు పోయాయి.

మధ్యాహ్నానికి ఊరంతా "పెట్రోలు పడిందండోయ్".
చెరువు ఆసామి సుబ్బరాజు గారు
సాయంత్రానికి మనసులో కారు కూడా కొనేశారు.

మర్నాడు జీపులో రాజమండ్రి నించి మెహరున్నీసా గారొచ్చారు.
సీసాలో కాస్త గాలి పట్టుకుని
గట్టు మీద చతికిలబడి చెప్పారు.
నాకు ఎక్కినంత రాస్తున్నాను.

కిక్కిస చస్తుంది, తుంగ చస్తుంది.
కొంగరెట్ట, కొరమీను పొలుసు, తామరతూడు
అన్నీ అడుక్కి దిగుతాయి.
గోదారి వరదొచ్చి పైన పల్చటి దుప్పటి కప్పి పోతుంది,
మళ్ళీ ఏడు మళ్ళీ.
లోపల గాలి నిండుకుంటుంది.
అప్పుడు గాలి అక్కర్లేనివాళ్ళు విస్తళ్ళు వేసుకుంటారు.
కంటికి ఆనరు. ఈ నేల మీద
ఊపిరి అనేది పుట్టకముందే కాపురం పెట్టినవాళ్ళు.
మొదటి బంతి ఉప్పునీళ్ళ గంధకంతో భోంచేసి
కోడిగుడ్డు కంపు వదిలి లేస్తుంది.
రెండో బంతికి మిగిలేది తక్కువ:
కాస్త పులిసిన నీళ్ళు, కాస్త బొగ్గుపులుసు గాలి.
దాంతోనే సరిపెట్టుకుని వాళ్ళు తేన్చేది
ఇదిగో, ఇది.
వాసన ఉండదు.

నీళ్ళు మొయ్యగలిగినంత మోస్తాయి.
మొయ్యలేనిది బుడగై బయల్దేరి
ఇసుకపొరలో తలదాచుకుంటుంది.
పైన బంకమట్టి మూకుడు.
మనం ఆ మూకుడికి చిల్లు పెట్టాం.

"కిలోమీటర్ల లోతున ఉడికినది వేరండీ," అన్నారావిడ.
"ఇది పొయ్యెక్కకుండానే అయిన వంట."
"ఎన్నాళ్ళొస్తుందమ్మా?" సుబ్బరాజు గారు.
"తేనుపు ఎంతసేపుంటుందండీ?"

మేస్త్రి భార్య నాంచారమ్మ
మూడిటికెలు పెట్టి దానిమీద టీ కాచింది, పదకొండు రోజులు.
"ఇది ఎప్పటి కిక్కిసండీ?"
"నాలుగైదు వేల ఏళ్ళు ఉండొచ్చు."
నాంచారమ్మ గరిటె తిప్పుతూ ఆలోచించింది.
"అప్పటికి టీ లేదు కదా, పాపం."

పన్నెండో రోజు మంట పసుపుపచ్చగా తిరిగి,
గొట్టం అంచు మీద కప్పలా రెండు గెంతులు గెంతి
పోయింది.
వెనకే నీళ్ళొచ్చాయి, ఉప్పన.
సుబ్బరాజు గారు కూలీలో సగం కోసేశారు.
పుస్తకంలో నలభై మూడుకి ఎదురుగా రాశాను:
సన్న ఇసుక. గ్యాసు. పదకొండు రోజులు.

దోనె మీద ఇంటికెళ్తుంటే
గెడ దిగినచోటల్లా బుడగలు లేస్తాయి,
చిన్నప్పుడు చేపలనుకునేవాణ్ణి.
ఇప్పుడు కాస్త మెల్లగా దింపుతున్నాను.
రెండో బంతి ఇంకా లేవలేదు.