మస్టరు

రాత్రి ఒంటిగంటా నలభై.
కాన్వెంట్ జంక్షన్ దాకా లారీల వరస.
పోర్టు గేటులో, తూనిక కాటా పక్క గదిలో
ఏసీ నీళ్లు బకెట్లోకి చుక్క చుక్కగా.
నా ల్యాప్‌టాప్ మీద ఒకే ఒక్క మాట:
ఇన్‌స్టాల్డ్.

అంతే. దిగింది గాని లేవలేదు.

కాటా ఆపరేటరు నూకరాజు తొంగిచూశాడు.
"ఏటమ్మా, ఎక్కించీసేనన్నావు కదేటి?"
ఎక్కించాను నూకరాజూ.
ఎక్కించడం వేరు, పనిలోకి రావడం వేరు.

ఇది నాకు ఏ కోర్సూ నేర్పలేదు.
పెద్ద పెట్టెలు రాకముందు, బస్తాలు వీపుల మీద దిగే రోజుల్లో
మా నాన్న రోజుకూలీ కలాసీ.
తెల్లారకముందే మస్టరు రాసేవాడి ముందు నిలబడేవాడు.
పేరు పుస్తకంలోకి ఎక్కేది,
మనిషి గేటు బయటే ఉండేవాడు.
కొక్కేనికి ముఠా కావాలి, ముఠాకి మేస్త్రీ కావాలి,
మేస్త్రీకి ఓడ కావాలి.
ఒక్కటి తక్కువైనా
కొక్కెం భుజాన వేసుకుని కోటవీధి ఎత్తెక్కి వచ్చేసేవాడు.
ఏమైందని అమ్మ అడిగేది కాదు.
గుమ్మం పక్కన కొక్కెం పడ్డ చప్పుడే చెప్పేది.

ఈ జావా పెట్టెకీ ఒక చీటీ ఉంటుంది.
ఓడ సరుకుకి రాసే చీటీ పేరే దానికీ, మానిఫెస్ట్.
నాకు కావలసినవి ఇవి, నేనివ్వగలిగేవి ఇవి,
మిగతాది నా గుట్టు, చెయ్యి పెట్టొద్దు.
పక్కింటి పొయ్యి రాజుకుందో లేదో
చూసుకుని గాని నిప్పుకి వెళ్లవు ఈ ముక్కలు.

కొలతల ప్యాకేజీ, రెండు పాయింట్ మూడు కావాలట.
ఇంట్లో ఉన్నది రెండు పాయింట్ ఒకటి.

తవిటినాయుడికి ఫోన్ చేశాను.
పాత కాటా మాడ్యూల్ రాసింది ఆయనే.
ఇప్పుడు పెందుర్తిలో మొక్కల నర్సరీ.
రెండో రింగుకే ఎత్తాడు, ఇలాంటి రాత్రి కోసం ఆగినట్టు.
"మూడులో కొత్తగా వచ్చిందేదైనా వాడుతున్నావా?"
వెతికాను. లేదు.
"మరెందుకడిగేవమ్మా అంత?
అంకె పక్కన చదరం బ్రాకెట్ పెడితే లోపలికి రా అని,
గుండ్రం పెడితే గడప దగ్గర ఆగు అని.
రెండు పాయింట్ ఒకటికి చదరం, మూడుకి గుండ్రం.
ఎంతలో సర్దుకోగలవో నిజం రాయి."
వెనక కీచురాళ్లు. పెట్టేశాడు.

రిజాల్వ్డ్. స్టార్టింగ్.
యాక్టివ్.

కస్టమ్స్ ముక్క, బిల్లుల ముక్క, క్రేన్ల వరస చూసే ముక్క,
ఒక్కదానికీ కునుకు చెదరలేదు.
కుర్చీ మార్చడానికి ఇల్లు ఖాళీ చేయించక్కర్లేదు.

తీరా మొదటి లారీ కాటా ఎక్కితే
తెర మీద పాత లెక్కే.
పాతదాన్ని తీసేశాను గదా!
తీసేశాను. జాబితాలో లేదు.
బిల్లుల ముక్క మాత్రం దాని చెయ్యి వదల్లేదు.
పట్టుకున్నవాళ్లున్నంతసేపు
తీసేసింది కూడా పనిచేస్తూనే ఉంటుంది
లోపలెక్కడో, పేరు లేకుండా.

పెద్ద పెట్టెలొచ్చి ముఠాలు పోయాక
ఏడాదిపాటు మా నాన్న
మస్టరు వేళకి లేచి, చొక్కా వేసుకుని,
గేటు దాకా వెళ్లి వచ్చేవాడు.
అక్కడెవరు రాసుకుంటారని మేమెవరమూ అడగలేదు.

రిఫ్రెష్ అని టైపు చేశాను.
ఎంటర్ మీద వేలు కొంచెంసేపు ఆగింది.

నొక్కాను.
బిల్లుల ముక్క ఒక్కసారి కూలబడి, చెయ్యి విదిలించుకుని,
మళ్లీ లేచింది.
ఇరవై ఎనిమిది వేల ఆరువందల నలభై కిలోలు.
డ్రైవరు రసీదు చూడకుండానే జేబులో కుక్కుకుని
గేరు మార్చాడు.

"అయిపోనాదా? టీ సల్లారిపోనాది" అన్నాడు నూకరాజు.
కంప్యూటర్ని నమ్మని మనిషి,
రూళ్ల పుస్తకం తెరిచి బండి నంబరు రాసుకున్నాడు, తూకం రాసుకున్నాడు,
వెనక పేజీ తిప్పి నన్నూ రాసుకున్నాడు.
పేరు, వచ్చిన వేళ.
వెళ్లిన వేళ గడి
ఖాళీగా ఉంది.