అంచు మడవని తడక

దసరా ఎల్లిన మూడోనాడు
ఏలోజీ మామ నా అంగట్లకొచ్చి నిలబడ్డడు.
బల్లార్షా గేటు కాడ ముప్పై ఏండ్ల సంది
ఎర్రజెండా పచ్చజెండా పట్టే చెయ్యి
నాలుగు వేళ్లు దగ్గరికి జేసి చూపెట్టింది.
"బెత్తెడు. ఇసొంటియి అటు ఏడు, ఇటు ఏడు.
అంతకు తక్కువైతే పండుగ గుడిసె గాదు."

నవ్వొచ్చింది.
ఏడు బెత్తెల్ల నా మేకపిల్ల గూడ మర్లి పండుకోదు.

క్వార్టరు వెనక చోటు చూపిచ్చిండు.
ఇటు రేకుల షెడ్డు, రేకు కింద పనికిరాదు.
అటు ఖోబ్రగడే వాళ్ల మునగ కొమ్మ,
చెట్టు కింద గూడ పనికిరాదు.
రేకుకు కొమ్మకు నడుమ
కాయితం మిల్లు పొగ పోంగ మిగిలిన మొగులు.
దాన్ని నేల మీద కొలిచిండు
బెత్తె పక్కన బెత్తె పెట్టి, మోకాళ్ల మీద పాకుకుంట.
ఏడున్నర.
"అర మిగిలింది" అన్నడు,
నెలాఖరుకు జీతం మిగిలినట్టు.

ఇటుక గోడ ఒకటి ఉండనే ఉన్నది.
ఇంకోటి, ఊడిన పాత తలుపు.
మూడోది బెత్తెడుంటె చాలునట,
మిగిలిన కాడ రెండు కర్రలు పాతి మీద అడ్డకర్ర ఏస్తె
అది వాకిలి లెక్కనట.
మూడు బెత్తెలకు లోపు సందుంటె
సందే గాదట, మూసినట్టేనట.
"ఎవరు మూసిండ్రు మామా?"
"చట్టం."
మా గుడిసె సందులకు ఈ చట్టం తెల్వదాయె.

ఇగ కప్పు.
కొత్త వెదురు చాప తెచ్చిన, పచ్చివాసన పోలె ఇంకా.
అరచేత్తోటి రాసి చూసి
పానం ఉన్నదాన్ని పెట్టినట్టు పక్కకు పెట్టిండు.
"ఇది పండుకునెటందుకు అల్లినవ్.
నాకు కప్పెటందుకు అల్లాలె."
అదే వెదురు, అదే కత్తి, అవే బద్దలు.
తేడా ఏంది?
"అల్లేటప్పుడు నీ మనసుల ఏమున్నదో, అదే."

తట్టలల్లిన, సాటలల్లిన,
తొట్టెల కట్టిన, పాడె గూడ కట్టిన.
ధర అడిగిండ్రు, గట్టిదనం అడిగిండ్రు,
నా మనసుల ఏమున్నదని ఎవలడిగిండ్రు?

ఆ రాత్రి కూసున్న.
చేతులు వాటి దారిన అవి పోతయ్,
చివరికి రాంగనె అంచు మడుస్తయ్
పండుకున్నోని ఒంటికి గుచ్చుకోకుంట.
మడిచిన. విప్పిన. మల్ల మడిచిన.
నా వేళ్లకు మనిషి వీపే ఎరుక.
ఆఖరికి అంచును అట్లనే ఇడిసిన,
ముండ్లు ముండ్లుగ.
ఎండ కంటె నీడెక్కువుండాలె,
చుక్కలు గూడ అగుపడాలె అన్నడు గదా,
దీపానికి అడ్డంబెట్టి చూసుకున్న.

కోజాగిరి పున్నమి. పక్కింట్ల పాలు మరుగుతున్నయ్.
మామ లోపల కూసున్నడు,
ముందట నా గంప బోర్లిస్తె బల్ల అయింది.
మోకాలు బయటికి పోతె గుంజుకున్నడు.
రెబ్కాబాయి పళ్లెం అందిచ్చి, జరసేపటికి
"ఇగ లే, నా వంతు" అన్నది.
ఆడోళ్లకు తప్పనిసరి గాదట. ఆమె ఇనలె.

నాలుగోనాడు వాన,
పోతపోత తిట్టిపోయే వాన.
కూర పాడైతె లేవొచ్చునట.
ఆయన మొగులు దిక్కు చూస్తలేడు,
పళ్లెం మీద ఒక చెయ్యి గొడుగు పట్టి
రెండో చేత్తోటి తింటున్నడు.

పండుగ ఎల్లినంక తడక చుట్టి తెచ్చిచ్చిండు.
"దీని మీద ఇప్పుడు పండుకోవచ్చునా?"
"ఇప్పుడు నీ ఇష్టం."

రాత్రికి పరుసుకొని ఒరిగిన.
వీపుల గుచ్చుకున్నది.
అంచు మడుద్దామని లేచి కత్తి దీసిన.
జరసేపు అట్లనే పట్టుకొని
పక్కకు పెట్టి
ఇటు మర్లి పండుకున్న.