పలచని పసుపు

బోరా గాలి లేచిన రోజు త్రియెస్తే వీధుల్లో
మలుపు మలుపుకీ తాళ్ళు కడతారు,
మనుషులు పట్టుకుని నడవడానికి.
ఆ తాడు పట్టుకునే వచ్చింది ఒందినా పెర్తోత్,
రేవు గోదాములో ముప్ఫై ఏళ్ళు పచ్చి కాఫీ గింజలు ఏరిన మనిషి.
"ఊరంతా గాలే," అంది కోటు విప్పుతూ,
"నా ముక్కులోకి మాత్రం రాదు."

వస్తుంది. నిజానికి ఎక్కువే వస్తుంది.
తలుపులన్నీ బార్లా తెరిచిన ఇల్లది.
గాలిని నిలిపి, తడిపి, వెచ్చజేసి పంపాల్సిన పొర
ఎండి, పక్కులు కట్టి, రాలిపోయింది.
ఊపిరి ఆడుతూనే ఉంటుంది
ఊపిరాడనట్టే ఉంటుంది.

వాసన సంగతి ఆమె చెప్పలేదు.
గదిలోకి రాగానే నేనే పసిగట్టాను,
ఆమెకు తప్ప అందరికీ తెలిసే వాసన.
గోదాములో భోజనాల బల్ల దగ్గర
ఒక్కో కుర్చీ ఎలా దూరం జరిగిందో చెప్పింది,
చెల్లెలి కోడలు కిటికీ తెరిచి
"ఉక్కగా ఉంది" అన్న జనవరి గురించి చెప్పింది.

నా పని చిన్నది.
మోచేతి మడతలో నరం వెతికి
నాలుగు గొట్టాల రక్తం తీస్తాను.
యంత్రంలో ఎదురెదురుగా పెట్టి తిప్పుతాను.
కవ్వం పెట్టినట్టు రక్తం విడిపోతుంది:
అడుగున ఎరుపు, పైన పలచని పసుపు,
నడుమ గోటిగీతంత తెలుపు.
ఆ గీత దాపున మరమ్మతు తెలిసిన కణాలుంటాయని
డాక్టర్ జెరియాల్ అంటుంది.
ఖాయమని మాత్రం అనదు.

"ఇది నా రక్తమేనా?"
"మీదే."
"ఇన్నేళ్ళూ ఆ దారినే తిరిగింది కదా,
దానికి తెలియలేదా?"
డాక్టర్ చేతిలో సూది ఒక్క క్షణం ఆగింది.
జవాబు నా దగ్గర ఇప్పటికీ లేదు.

మొదటి నెల ఏమీ లేదు.
రెండో నెల పక్కులు కాస్త మెత్తబడ్డాయి, అంతే.
మూడోసారికి రాలేదు.
ఫోన్ చేసి, అంత కోపమేమిటన్నాను.
"ముక్కు మీద పెట్టుకుందామంటే
ముక్కేదీ?" అని నవ్వింది.
తర్వాతి వారం వచ్చింది.

ఏప్రిల్‌లో, రమ్మనని రోజున,
రిసెప్షన్ అద్దం మీద టకటకా తట్టింది.
"చూడు, కారుతోంది."
పై పెదవి మీద నీటిచుక్క.
చేతిలో టిష్యూ ఉంది, తుడుచుకోలేదు.
ముక్కు కారుతోందని సెలవడిగే మా వార్డులో
ఇద్దరం చిన్నపిల్లల్లా దాన్నే చూస్తూ నిలబడ్డాం.

ఆ రోజు గాలి లేదు. తాళ్ళు ఎప్పుడో చుట్టి ఎత్తేశారు.
గుమ్మంలో ఆగి ఊపిరి తీసి చూసుకుంది.
"చల్లగా," అంది.
కాఫీ వాసన ఇంకా రాలేదట.
గోదాము ముందు నుంచే, మెల్లగా,
రెండుసార్లు నడిచి వచ్చిందట.

లోపల యంత్రంలో ఇంకెవరిదో రక్తం తిరుగుతోంది.
మూత తెరవడానికి నాలుగు నిమిషాలుంది.