కుడిపక్క సీటు

నాకు జీతం, చూసినందుకు.
నెలకు పదైదు రూపాయలు, పండక్కొక నిక్కరు.
పని ఒకటే: కుడిపక్క కూర్చోని
ముందర పోయే లారీ పక్కనించి తొంగి చూసి
"రావొచ్చు" అనో, "ఆగు సామీ" అనో చెప్పడం.

ఎందుకంటే బండికి స్టీరింగు ఎడంపక్క.
బెల్లం మండీ రాజమన్నారు శెట్టి
మద్రాసు వేలంలో పాడుకున్నాడు దాన్ని,
ఊరొదిలి పోతున్న ఏదో కంపెనీ దొరది.
బ్యూక్ రివియేరా. అరవై ఐదో సంవత్సరపుది.
చిత్తూరులో ఎవరికీ నోరు తిరగలా.
శెట్టి తల్లి "రేవతి" అనింది,
ఆ పేరే నిలబడిపోయింది.

బండితో ఒక పుస్తకం వచ్చింది, నున్నటి కాగితాలది.
హైస్కూలు ఇంగ్లీషు అయ్యవారు చదివి చెప్పినాడు:
ఇది సంసారుల బండి కాదు శెట్టిగారూ,
పందెం బండీ కాదు,
సంపాదించినోడు తనకోసం తాను కొనుక్కునేది.
తనకోసం తాను.
శెట్టి ఆ మాటను కొత్తబెల్లం ముక్క మాదిరి
నాలిక మీద పెట్టుకొని చానాసేపు కరగనిచ్చినాడు.

మొదటి ఆదివారమే పదకొండు మందిమి పోయినాం కాణిపాకానికి.
ఉండేది రెండే తలుపులు.
ముందు సీటు వంచి, శెట్టి తల్లిని
గాదెలోకి మూట దించినట్టు వెనక్కి దించినాం.
దిగేటప్పుడు ఆమె తిట్టిన తిట్లు
ఆ పుస్తకంలో యాడా లేవు.

దాని దీపాలకు రెప్పలుండేవి, పైరెప్ప, కిందరెప్ప.
మీట నొక్కితే నిద్రలేచినట్టు విచ్చుకునేవి.
ఒక ఎండాకాలం ఎడంకన్ను మూతబడి మళ్ళా తెరుచుకోలా.
గిరింపేట దస్తగిరి
అంబాసిడర్ వైపరు మోటారు తెచ్చి బిగించినాడు.
ఇంక వానున్నా లేకపోయినా ఆ కన్ను కొట్టుకుంటానే ఉండేది.
మొగిలి కనుమలో ఎదురొచ్చే లారీవాళ్ళు
లైట్లార్పి వెలిగించి
మా రేవతికి జవాబిచ్చేవాళ్ళు.

దాని తోబుట్టువుల కబుర్లు కూడా దస్తగిరే తెచ్చేవాడు,
పుదుపేటలో పార్టులు వెతకబోయినప్పుడల్లా,
సంబంధం కనుక్కొచ్చినంత గుట్టుగా:
అరవైమూడులో పుట్టిన పెద్దది కత్తితో చెక్కినట్టుండేదంట.
డెబ్బైఒకటి దానికి వెనకభాగం పడవ మాదిరి కొసదేలిందంట.
"పడవకు చక్రాలెందుకురా" అని మేము నవ్వినాం.
అంతలో పెట్రోలు మండింది, ఆడా ఈడా.
ఆడ పుట్టేవి ఏటికేడు చిక్కిపోయినాయి.
మాది చిక్కలా. లీటరుకు నాలుగు కిలోమీటర్లు తాగలేక
మండీ షెడ్డులో బెల్లం అచ్చుల పక్కన నిలబడిపోయింది.
సీట్లలో చీమలు కాపురం పెట్టినాయి.

ఒకే ఒక్కసారి శెట్టి ఒంటరిగా తీసినాడు దాన్ని.
భార్య పోయిన పదిహేడో దినం.
ఎవురూ రావద్దన్నాడు.
బంగారుపాళ్యం దాకా ఒక చెరుకు బండి ఎనకాలే పోయినాడంట,
ఎద్దుల నడకన. దాటుదామంటే కుడివైపు కనపడదు గదా.
చీకటి పడినాక మా ఇంటి ముందర హారను.
"రారా ఏలుమలై," అన్నాడు,
"తనకోసం తాను అని రాసినోడు
మొగిలి కనుమ చూసుండడు."
పలమనేరు పోయి టీ తాగి వచ్చినాం.
దారి పొడుగునా నేను రెండే మాటలు మాట్లాడినా.
ఆయన అవి కూడా మాట్లాడలా.

తొంబైతొమ్మిదిలో వాటిని చేసేదే మానుకున్నారని
దస్తగిరి కొడుకు చెప్పినాడు.
ఆఖరున కొన్ని వెండిరంగువి చేసినారంట.
మాది అంతకు ముందే తూకానికి పోయింది.
పైరెప్ప ఒకటి వాళ్ళ షెడ్డులో ఉంది,
దాంట్లో నట్లు పోసుకుంటారు.

నేను కండక్టరునైనా, చిత్తూరు పలమనేరు బస్సుకు.
దినమంతా రైట్ రైట్ అంటా ఉంటా.
డ్రైవరు కుడిపక్కే కూర్చుంటాడు, అంతా ఆయనకే కనపడతాది.
అయినా మొగిలి ఎక్కేటప్పుడు
నా తల దానంతటదే కిటికీ బయటికి పోతాది.
"లోపలికి పెట్టు మామా," అంటాడు వాడు,
"లారీ వస్తా ఉండాది."