అగ్గిపెట్టె ఎవరి దగ్గర

చాప సగం కాలింది.
సాలూరులో నైటౌట్ చేసి, తెల్లారి డిపోలో లెక్క కట్టి
నేను ఇంటికొచ్చేసరికి
మిగిలిన సగం మీద కూచుని ఉంది అత్త,
ఒళ్లో ఖాళీ చెంబు.
"ఏటీ అవనేదు, అరవకు," అంది.
కొంగు అంచు నల్లగా ముడుచుకుపోయింది.

అడ్డపొగ.
నిప్పు నోటి లోపలికి తిప్పుకుని
నడుం ఎత్తకుండా మడులకి మడులు ఊడ్చిన మనిషి.
ఒక్కనాడూ నాలుక కాలలేదు.
ఇప్పుడు చుట్ట ఎక్కడ పెట్టిందో మరిచిపోతోంది,
ఒక్కోసారి వెలిగించిందన్న సంగతే.

మూడు వీక్లీ ఆఫులు దీనికే పోయాయి.

రింగురోడ్డు వైపు ఒకటి. గాజు తలుపు.
గోడ మీద నవ్వుతున్న ముసలాళ్ల ఫొటో,
వాళ్లెవరూ లోపల లేరు.
నెలకి పద్దెనిమిది వేలు, డైపర్లు వేరే.
"చెడలవాట్లు?" అనడిగింది కుర్రది పెన్ను ఎత్తి.
చుట్ట, అన్నాను.
పెన్ను కింద పెట్టేసింది.

రెండోది దాసన్నపేట దాటాక. ఇరవై మంచాలు.
ఎక్కినవాళ్లని తలలు లెక్కపెట్టడం నా పని,
చెయ్యి ఊరుకోదు, లెక్కపెట్టాను.
ఇరవై తలల్లో ఒక్కటీ నావైపు తిరగలేదు.
నాలుగున్నరకే కంచాలు కడిగి బోర్లించేశారు.
గడియ తలుపుకి బయటివైపు ఉంది.
దిగిపోయాను.

మూడోదానికి బోర్డు లేదు.
మా డ్రైవరు అప్పలసూరి చెప్పిన గుర్తులతో
తోటపాలెంలో రెండు సందులు తప్పి దొరికింది.
అద్దె పెంకుటిల్లు, ఐదు మంచాలు,
రిటైరైన నర్సు ఎస్తేరమ్మ.
వరండాలో ఒకాయన గోంగూర గిల్లుతున్నాడు
ఆకులు నేల మీదికి, కాడలు గిన్నెలోకి.
ఎవరూ సరిదిద్దట్లేదు.
బాత్రూముకి తలుపుంది, లోపలి గొళ్లెం పీకేశారు.
ఇంగువ, చింతపండు, మూత్రం కలిసిన వాసన.
దాని మీద ఏమీ చల్లలేదు.

చుట్ట మాట చెప్పాను. చాప మాట కూడా.
ఎస్తేరమ్మ చాలాసేపు ఊరుకుంది.
"మంచాల దగ్గర కుదరదు.
సాయంత్రం పెరటి మెట్టు మీద ఒక్కటి.
ఆరిందాకా పక్కనే కూచుంటాను.
అగ్గిపెట్టె మాత్రం నా దగ్గరుంటాది."
నెలకి తొమ్మిది వేలు. బేరమాడాను.
ఐదొందలు తగ్గించింది.
ఇంటికొచ్చాక ఆ ఐదొందలకి సిగ్గేసింది.

ఫారంలో ఒక గడి: మీరు ఆవిడకి ఏమవుతారు?
మా ఆయన కోర్టు కాగితం మీద సంతకం పెట్టి పన్నెండేళ్లు.
ఆ వారంలోనే రేకుపెట్టెతో నా గుమ్మం ముందు ఆటో దిగింది ఈవిడ.
"ఆడు ఒగ్గీసినాడు నిన్ను. నానెప్పుడు ఒగ్గీసినానే?"
అంత మాట ఆ గడిలో పట్టదు.
కోడలు, అని రాశాను.
కొట్టెయ్యలేదు.

మంచం చూడ్డానికి అత్తనే తీసుకెళ్లాను.
పరుపు నొక్కింది. కిటికీ రెక్క లాగి చూసింది.
"ఈ మంచం మీద ముందు ఎవులుండీవోరు?"
నేను మాట మార్చబోయాను.
"బొబ్బిలావిడ. శ్రావణంలో పోయింది," అంది ఎస్తేరమ్మ.
"సుకంగా పోయిందా?"
"లేదమ్మా. రెండ్రోజులు ఆయాసపడింది. చెయ్యి పట్టుకుని కూచున్నాను."
అత్త ఆ చేతులకేసి చూసింది,
పశువుని కొనేముందు పళ్లు చూసినట్టు, తొందర లేకుండా.
"అయితే నా సంచీ ఇటు తే."

పాలకొండ సర్వీసు ఐదూ నలభైకి. తప్పదు.
చుట్టల కట్ట అత్త బొడ్లో ఉంది.
అగ్గిపెట్టె ఎస్తేరమ్మ చేతిలో పెట్టి
వచ్చేశాను.

చీపురుపల్లిలో ఒక ముసలామె ఎక్కింది, ఒక్కతే,
కొంగు ముడి విప్పుతూ.
ఎక్కడికమ్మా, అన్నాను.
చెప్పింది.
మళ్లీ అడిగాను.