తెలుపు

ఉంగరం తీశారా, అని అడిగాను.
తీశారు. బెల్టు, పెట్టుడు పళ్ళు, జేబులోని షెడ్డు తాళంచెవి,
అన్నీ ట్రేలో పడ్డాయి.
అయస్కాంతం దగ్గరికి లోహం పోకూడదు.
కళ్ళజోడు మాత్రం ఆవిడ ఇవ్వలేదు.
"ఇది ఆయన చేసిందే. నా దగ్గరుంటుంది."

డేగూ ఎండకు పెట్టింది పేరు.
ఆగస్టు. బయట తారు కరిగి చెప్పులకు అంటుతోంది.
లోపల బ్యన్ దొక్‌సు ఒంటిని
ముప్పైమూడు డిగ్రీలకు దింపి ఉంచారు.
ఫ్రేములు సానపట్టే చక్రం ముందు
పందొమ్మిది నిమిషాలు ఆయన గుండె పని మానేసింది.
చక్రాన్ని ఎవరూ ఆపలేదట.
తిరుగుతూనే ఉందట.

నేను మీట నొక్కే మనిషిని.
యంత్రం పలక డప్పులా దబదబలాడుతుంది.
కదలొద్దని చెప్పనక్కరలేని రోగి.
తెర మీదికి మెదడు
పొరలు పొరలుగా దిగుతుంది.

మాకిక్కడ వెలుగు మంచిది కాదు.
కణాల్లో నీళ్ళు కదల్లేక ఇరుక్కున్న చోటే
తెల్లగా మెరుస్తుంది.
బూడిద రంగు కనిపిస్తే ఊపిరి పీల్చుకుంటాం.
ఇవాళ్టి బొమ్మలో, వెనకవైపు,
సున్నం వేలు తగిలినంత మరక.
అంతేనా?
మూడు గంటలే అయింది.
తొందరగా తీసిన బొమ్మకు అబద్ధమాడటం రాదు,
దానికింకా నిజం చేరలేదు, అంతే.

డాక్టర్ పాంగ్ కొలిచాడు. శాతాలు, హద్దులు,
ఇంతకు మించితే ఎందరు లేవలేదో పాత లెక్కలు.
కుర్చీలో వెనక్కి వాలి
"ఎల్లుండి మళ్ళీ తీద్దాం" అన్నాడు.
ఈలోగా ఆవిడకు ఏమని తెలుపుతాడు?
ఆ మాటలోనే ఉంది చిక్కు.
రంగూ అదే, చెప్పడమూ అదే.
తెలివి రావడం,
తెల్లారిపోవడం,
రెండూ ఇరుగుపొరుగు గుమ్మాలు.

వరండాలో ఒక్‌బున్
లేస్తాడా అని అడగలేదు.
"లేచాక సైటు మారుతుందా?
ఈ అద్దాలే సరిపోతాయా?"
మా ఫారంలో ఆ గడి లేదు.
నోరు తెరిచి, మూసుకున్నాను.
ఆవిడ అద్దం మీద ఊది
జాకెట్ అంచుతో తుడిచి
ట్యూబులైటుకు ఎత్తి చూసింది,
గీతేమైనా పడిందా అని.

ఎల్లుండి నా డ్యూటీ కాదు.
వెళ్ళేముందు చూస్తే, ట్రేలో
తాళంచెవి ఒక్కటీ ఉండిపోయింది.
చిన్న కవర్లో వేసి
పేరు రాసి
తేదీ దగ్గర ఆగాను.